చువ్వకు సున్నమే కాపు

తాండూరు నాపరాయి భీమా పరీవాహక ప్రాంతపు అతి పురాతన సున్నపురాయి. బండలుగా కోస్తే ఇళ్లలో పరుస్తారు. ఇక్కడి సున్నపురాయినే బంకమట్టితో కలిపి దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారవుతుంది. తాండూరు దగ్గరి కరన్‌కోట్‌లోని సీసీఐ (సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కర్మాగారం పని అదే. ఆ సిమెంటు ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుందన్న సంగతి మాత్రం చాలామంది దృష్టికి రాదు.

ఇనుము ఖనిజంలో ఆక్సైడుగానే ఉంటుంది. కొలిమిలో ఆక్సిజన్ పోగొట్టుకుని లోహమవుతుంది. గాలీ తేమా కలిసి తగిలితే మళ్లీ ఆక్సైడు వైపు మళ్లుతుంది. అదే తుప్పు. 1874లో వికారాబాద్, తాండూరు మీదుగా పడిన సికింద్రాబాద్–వాడి రైలుమార్గంలో పట్టాలు మందంగా ఉండబట్టి పైపై తుప్పును తట్టుకుంటాయి. స్లాబులోని 8 మిల్లీమీటర్ల చువ్వకు ఆ వెసులుబాటు లేదు.

తుప్పును ఆపే శాస్త్రీయ ప్రయత్నాల్లో 1824 ముఖ్యమైన ఏడాది. ఓడ అడుగున ఉన్న రాగిరేకుకు జింకు గానీ ఇనుము గానీ తగిలిస్తే అదే కరిగిపోతూ రాగిని కాపాడుతుందని హంఫ్రీ డేవీ చూపాడు. అదే ఏడాది లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుముకు జింకు పూత పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నేటి జీఐ రేకులకు, పైపులకు మూలం అదే. ఇనుప వల మీద సిమెంటు పోసి చేసిన మొక్కల తొట్లకు 1867లో జోసెఫ్ మోనియే అనే తోటమాలి పేటెంటు పొందాడు; ఇనుమును సిమెంటులో పొదిగే పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి.

సిమెంటు నీటితో గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది. దానివల్ల కాంక్రీటు లోపలి పీహెచ్ 12.5 దాటుతుంది. అంత క్షారంలో చువ్వ మీద కంటికి కనిపించని పలుచని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును నిలువరిస్తుంది. అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సన్నని రంధ్రాల గుండా చొరబడి ఆ సున్నాన్ని తిరిగి సున్నపురాయిగా మారుస్తుంది. బట్టీలో కాలేటప్పుడు సున్నపురాయి వదిలిన వాయువే మళ్లీ వచ్చి చేరినట్టు. పీహెచ్ 9కి పడిపోగానే పొర చెదురుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. ఉప్పునీళ్లు కలిపితే క్లోరైడ్లు ఆ పొరను ఇంకా ముందే ఛేదిస్తాయి.

కార్బన్ డయాక్సైడ్ ఎంత త్వరగా చువ్వను చేరుతుందన్నది దానిపై ఉన్న కాంక్రీటు మందం మీద, బిగువు మీద ఆధారపడుతుంది. తీవ్రత తక్కువైన వాతావరణంలో చువ్వపై సాధారణంగా 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరైనా ఉండాలని కాంక్రీటు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. నీళ్లు సరిగా పట్టని స్లాబులో రంధ్రాలు ఎక్కువ. స్లాబు పోసే రోజు ఇంటి యజమాని సిమెంటు బస్తాల లెక్కతో పాటు చువ్వల కింద కవర్ బ్లాకులు ఉన్నాయో లేవో చూసుకోవాలి, ఆ తర్వాత కనీసం వారం రోజులు నీళ్లు పట్టించాలి.