నీలి రెక్కలు, చీటీ రాతలు

2021లో మన దేశపు సీతాకోకచిలుకల జాబితాలోకి నకడూబా సింహళా రామస్వామియై అనే కొత్త పేరు చేరింది. లైన్‌బ్లూలు అనే చిన్న నీలి సీతాకోకచిలుకల్లో ఇదొక ఉపజాతి. కేరళ, తమిళనాడు సరిహద్దున ఉన్న అగస్త్యమలై కొండల్లో దొరికింది. దీని మూల జాతిని 1924లో ఆర్మిస్టన్ సిలోన్ నుంచి వర్ణించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లపాటు అది లంకలో తప్ప మరెక్కడా ఉండదనే అనుకున్నారు. మంచుయుగాల్లో సముద్రమట్టం దిగిపోయినప్పుడల్లా లంకకూ మన దక్షిణపు కొసకూ మధ్య నేల బయటపడేది. అడవులూ పురుగులూ అటూ ఇటూ కలిసిపోయేవి. కాబట్టి ఈ నీలి పురుగు నిన్నగాక మొన్న పాక్ జలసంధి దాటి వచ్చి ఉంటుందని నేననుకోను. ఆ కొండల్లో అది ఎప్పటినుంచో ఎగురుతూ ఉండాలి. ఇన్నాళ్లూ దాన్ని పోల్చుకుని, ఫలానా చోట ఫలానా రోజున చూశామని రాసిపెట్టినవారే లేరు. ఈ ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే రెండున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ రెక్కల సంగతి చూద్దాం. లైసెనిడే కుటుంబపు నీలి సీతాకోకచిలుకలు చాలావరకు బొటనవేలి గోరుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. వాటి నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. రెక్కమీది పొలుసుల్లోని సూక్ష్మమైన పొరలు వెలుగులోంచి నీలాన్ని మాత్రమే వెనక్కి కొట్టడం వల్ల మనకలా కనిపిస్తుంది. చూసే కోణం మారితే అదే రెక్క బూడిదరంగులోకి తిరుగుతుంది. పొలుసులు రాలితే నీలం పోతుంది. పైగా ఇవి వాలగానే రెక్కలు మూసేస్తాయి. అడవి అంచున తడి మన్నుమీద ఉప్పు పీలుస్తూ కూర్చున్న మగ లైన్‌బ్లూలో మనకు కనపడేది గోధుమరంగు అడుగుభాగం, దానిమీద జంటజంటలుగా సాగే లేత గీతలు. ముందు రెక్క మొదట్లో ఒక జత గీతలు ఉంటే సిక్స్ లైన్‌బ్లూ, లేకపోతే ఫోర్ లైన్‌బ్లూ. ఆ జత గీతలు పూర్తిగా కలిపినా మిల్లీమీటరు మందం ఉండవు. జాతిని గుర్తుపట్టే పని అక్కడ మొదలవుతుంది.

మన దేశపు పురుగులను శాస్త్రీయంగా సేకరించిన తొలి తరంలో లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్ ముఖ్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చాడు. ఆయన సేకరించి పంపినవాటిలో చాలా కీటకాలను కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ ఐరోపాలో కూర్చుని వర్ణించాడు. కోనిగ్ 1785లో మన కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయన దగ్గర ఉన్నది వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో. రేగుచెట్ల చుట్టూ తిరిగే కామన్ పియరో అనే నలుపు తెలుపు చుక్కల చిట్టిదానికి 1775లో పేరు పెట్టింది ఫాబ్రీషియసే. ఆ కాలపు వర్ణన అంటే రెండు మూడు వరుసల లాటిన్. ఊరి పేరుండాల్సిన చోట తరచూ ‘ఇండియా’ అని ఒక్క మాట. ఏ కొండో, ఏ నెలో, ఏ చెట్టో ఉండదు. ఇంత పెద్ద దేశంలో ఆ మాట పట్టుకుని దేన్ని వెతకగలం? పేరు ముందొచ్చింది, ఆచూకీ రాలేదు. తర్వాతి తరాలకు అసలు చిక్కంతా ఇక్కడినుంచే వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పని లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ మ్యూజియానికి చేరింది. జావాలో ఏళ్ల తరబడి తిరిగిన వైద్యుడు థామస్ హార్స్‌ఫీల్డ్ 1828, 1829ల్లో అక్కడి సేకరణ జాబితా వెలువరిస్తూ ఆకాశ, పుష్ప, పాండవ వంటి పేర్లు పెట్టాడు. అదే మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ వందలాది జాతులు వర్ణించాడు. పశ్చిమ కనుమల్లో మాత్రమే ఉండే వైట్ డిస్క్ హెడ్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఆయన పెట్టిన పేరుతోనే ఉంది. కాని అప్పటి పద్ధతిలో ఒక లోపం ఉంది. పెట్టెలో పిన్ను గుచ్చి రెక్కలు విప్పి పరిచినప్పుడు కనపడేది పైభాగం. ఆ నీలం ఛాయను బట్టి, తెల్లమచ్చ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి జాతులు విడదీశారు. వానాకాలంలో పుట్టిన పుష్పకూ ఎండాకాలంలో పుట్టిన పుష్పకూ ఆ తెల్లమచ్చలోనే తేడా వస్తుంది. ఇలాంటి కారణాలతో ఒకే జీవికి రెండు మూడు పేర్లు పడిన సందర్భాలు తక్కువేమీ కాదు.

కొండల్లో ఉండి చూసినవారు వచ్చాక రాత మారింది. నీలగిరుల్లో తేయాకు తోటలు నడిపిన జార్జ్ హాంప్సన్ 1888లో ఆ జిల్లా సీతాకోకచిలుకల జాబితా ప్రచురించాడు. మరుసటి ఏడు ఒక హెడ్జ్ బ్లూను కొత్తగా వర్ణించాడు. ఇప్పటికీ దాన్ని హాంప్సన్ హెడ్జ్ బ్లూ అంటారు. 1890లో డి నైస్‌విల్ మన సీతాకోకచిలుకల మీది తన పెద్ద గ్రంథపు మూడో సంపుటాన్ని లైసెనిడే కుటుంబంతో నింపాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన పని మాత్రం కార్వార్ ప్రాంతంలో జరిగింది. కలెక్టర్ డేవిడ్‌సన్, అటవీశాఖ ఉద్యోగి టి. ఆర్. బెల్, ఉప్పు, కస్టమ్స్ శాఖలో ఉన్న ఎయిట్‌కిన్, ఈ ముగ్గురూ కలిసి 1890ల్లో ఉత్తర కన్నడ జిల్లా సీతాకోకచిలుకల మీద రాసిన వ్యాసాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. వాళ్లు రెక్కలతో ఆగలేదు. గుడ్లు వెతికారు, గొంగళ్లను ఇంట్లో పెంచారు, ఏది ఏ ఆకు తింటుందో, ఏ చీమలు దాని చుట్టూ చేరి వీపుమీది తీపి బొట్టు నాకుతాయో రాశారు. రెక్కలమీద తేల్చుకోలేని రెండు జాతులు గొంగళి దశలో తేలికగా విడిపోవచ్చు. అడవిలో ఒక చెట్టు పేరు తెలిస్తే చాలు, దాని దగ్గర ఏ నీలిరెక్క కోసం కాచుకోవాలో తెలుస్తుంది. బెల్ ఆ తర్వాత కూడా 1920ల దాకా ఇదే పని కొనసాగించాడు.

ఈ పనికి ఎంత విలువో మన అనంతపురం దానిమ్మ తోటల్లోనే చూడొచ్చు. కాయతొలుచు పురుగు అంటే తెలియని రైతు లేడు. అది డ్యూడోరిక్స్ ఐసోక్రేటిస్ అనే లైసెనిడ్ గొంగళి. కాయలోకి దూరి గింజలు తింటుంది. కాయ రాలిపోకుండా తొడిమను పట్టుదారంతో కొమ్మకు బిగించి కట్టుకుంటుంది. తోటలో ఊదా కలిసిన నీలిరంగులో మెరుస్తూ వెళ్లే మగ సీతాకోకచిలుక ఆ గొంగళి పెద్దదై ఎగిరినదేనని తెలిసినవారు తక్కువ. ఆ రెంటినీ ఒక్క జీవిగా కలిపి రాయడం, పుట్టకముందునుంచీ దాని వెంట ఉన్నవారికే సాధ్యం.

రెక్కలతో తేలని తగవును తీర్చే మరో దారి 1909లో దొరికింది. ఇంగ్లండ్‌లో వైద్యుడైన టి. ఎ. చాప్‌మన్ హెడ్జ్ బ్లూల మగ జననాంగాలను పరిశీలించి ఆ గుంపునంతా తిరిగి వర్గీకరించాడు. పొట్ట చివరి భాగాన్ని కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, మెత్తటి కండ కరిగాక మిగిలిన గట్టి భాగాలను సూక్ష్మదర్శిని కింద పెడితే, పైకి కవలల్లా ఉన్నవి లోపల వేర్వేరని తేలేది. ఆ దారిలోనే 1983లో ఎలియట్, కవజోయె అనే ఇద్దరు హెడ్జ్ బ్లూల మీద సమగ్ర గ్రంథం తెచ్చారు. అమెరికాలో హార్వర్డ్ మ్యూజియంలో కూర్చుని నీలి సీతాకోకచిలుకల జననాంగాలను కోసి చూసిన నవలాకారుడు వ్లదీమిర్ నబొకోవ్‌నూ ఇక్కడ తలచుకోవాలి. దక్షిణ అమెరికా నీలాలు ఆసియానుంచి విడతలు విడతలుగా వచ్చాయని ఆయన 1945లో ఊహించాడు. 2011లో డీఎన్‌ఏ పరిశోధన అది నిజమని చెప్పింది.

మన దేశంలో మాత్రం చేతిలో పట్టుకుతిరిగిన పుస్తకం బ్రిగేడియర్ ఎవాన్స్‌ది. 1927లో తొలి ముద్రణ, 1932లో మలి ముద్రణ. ప్రతి జాతి పక్కనా పొడి అక్షరాలతో సాధారణం, అరుదు, బాగా అరుదు అని గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులను తరాల తరబడి యథాతథంగా ఎత్తిరాసుకున్నారు. కాని ఎవాన్స్ చెప్పిన అరుదు, వలకు అరుదుగా చిక్కడమే. చెట్ల పైకొమ్మల్లో బతికేదీ, ఏడాదిలో కొన్ని వారాలే ఎగిరేదీ, పోల్చుకోవడం కష్టమై వదిలేసినదీ ఆ గుర్తు కిందికే వచ్చేశాయి. నిజంగా తగ్గిపోతున్నదేదో, చూపుకి అందనిదేదో ఆ అక్షరం చెప్పలేదు. 1957లో వింటర్‌బ్లైత్ పుస్తకం, 1980ల చివర నీలగిరుల మీద టార్బెన్ లార్సెన్ వ్యాసాలు ఆవాసం, ఎత్తు, రుతువు జోడించి ఈ లోటు కొంత పూడ్చాయి.

1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత దాని షెడ్యూళ్లలో చేరిన సీతాకోకచిలుకల వల్ల వల పట్టుకుతిరగడం తగ్గింది. దాని స్థానంలోకి తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది. పాత పెట్టెలు పైభాగాన్ని చూపిస్తే, కెమెరా అడుగుభాగాన్ని చూపించింది. లైన్‌బ్లూలకు ఇది మేలే చేసింది, గీతలు ఉన్నది అక్కడే కదా. అనుమానం వచ్చిన ఫొటోను పదేళ్ల తర్వాతైనా తెరిచి ఆ గీతలు లెక్కపెట్టుకోవచ్చు. 2010లో మొదలైన బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వంటి ఉమ్మడి వేదికల్లో ఫొటోతోపాటు స్థలం, తేదీ తప్పనిసరి. లిన్నేయస్ నాటినుంచీ లోటుగా ఉన్న, చోటూ తేదీ చెప్పే చీటీ ఇక్కడ ప్రతి ఫొటోకూ అతుక్కుంది. అయినా రెక్కలు మూసుకున్న నీలిచుక్క ఫొటోలు ఎన్నో ఇప్పటికీ ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోతున్నాయి. 2003నుంచి డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అందుబాటులోకి వచ్చినా, కాలు ముక్కో రెక్క ముక్కో చేతిలో ఉంటేనే అది సాధ్యం. కొత్త జాతినో ఉపజాతినో ప్రకటించాలంటే సాధారణంగా మ్యూజియంలో భద్రపరిచిన నమూనా కావాలి. అనుమతి తీసుకుని కొద్ది నమూనాలు సేకరించడాన్ని తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను. ఒక అడవి అంచును నరికితే పోయే వాటిముందు ఆ నమూనాలు లెక్కలోకి రావు.

ఆ అంచు సంగతే అన్నిటికన్నా ముఖ్యం. దట్టమైన వర్షారణ్యం లోపల నేలమీద వెలుతురు పెద్దగా పడదు. బాట పక్క, వాగు ఒడ్డు, చెట్టు కూలిన ఖాళీ, ఎండ తగిలే ఈ చోట్లకే నీలిరెక్కలు కిందికి దిగుతాయి. లేత చిగుళ్లూ మొగ్గలూ గొంగళికి ఎక్కువగా దొరికేది ఇక్కడే. రోడ్డు వెడల్పు చేసేవారు మొదట కొట్టేసేదీ, పొదలని తీసిపారేసేదీ ఈ అంచునే. మన తూర్పు కనుమల్లో మారేడుమిల్లి, పాపికొండలు, అరకు వైపు వాగుల ఒడ్డున ఇలాంటి అంచులు ఇంకా ఉన్నాయి. అక్కడికి వెళ్లేవారు వాలిన నీలిరెక్కను అడుగువైపునుంచి నిటారుగా ఒక ఫొటో, రెక్క విప్పితే పైనుంచి ఒకటి తీయాలి. గుడ్డు పెడుతుంటే ఆ మొక్క ఆకునూ పువ్వునూ విడిగా తీయాలి. చుట్టూ చీమలుంటే వాటినీ తీయాలి. ఊరు, వాగు పేరు, ఎత్తు, తేదీ, వేళ ఆ సాయంత్రమే రాసుకోవాలి.