కోళ్ల గూడు - ధర్మాసనము

1929 చివర అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్తకము కుప్పకూలెను. నాలుగేండ్లలో కోటికి పైబడి జనులు పని లేనివారైరి. 1933లో అధ్యక్షుడు రూజ్వెల్టు కోరగా, అచ్చటి కాంగ్రెసు - అది ఆ దేశపు శాసనసభ, మన కాంగ్రెసు కాదు - పరిశ్రమల పునరుద్ధరణకై యొక శాసనము చేసి, ప్రతి వర్తకమునకును నిబంధనలు ఏర్పరచు అధికారమును అధ్యక్షునకు అప్పగించెను. పెక్కు నిబంధనలను ఆయా వర్తక సంఘములే వ్రాసెడివి; అధ్యక్షుడు వ్రాలు చేసినంతనే అవి చెల్లుచుండెను. మీరినవారికి శిక్ష.

ఈ నిబంధనలన్నిటిని ఒకచోట అచ్చొత్తు గెజెటైనను లేకుండెను. టెక్సాసు చమురు వర్తకులు తమపై నడచుచున్న నిబంధనను ఎదిరించి దావా వేసిరి. అది సుప్రీం కోర్టునకు చేరునప్పటికి తేలినదేమనగా, అందలి ముఖ్యవాక్యము సవరణలో పొరపాటున జారిపోయి, అసలు లేనేలేదు! దండోరా వేయని ఆజ్ఞను మన పల్లెలలో వినుట కలదు గాని, లేని ఆజ్ఞను అమలుజరుపుట వింతయే. 1935లోనే గెజెటు పెట్టుటకు శాసనము పుట్టెను.

అదే యేట కోళ్ల వ్యాజ్యము వచ్చెను. న్యూయార్కు నగరమందలి బ్రూక్లినులో షెక్టరు సోదరులు కోళ్లు కోసి అమ్మెడివారు. కొనువాడు గూటినుండి నచ్చిన కోడిని ఏరుకొనరాదు, చేతికి వచ్చినదానినే తీసికొనవలెనని నిబంధన. న్యాయమూర్తులు దీనిని గూర్చి ప్రశ్నింపగా సభలో నవ్వులు పుట్టెను. తీర్పు మాత్రము నవ్వులాట కాదు. మే 27న తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకకంఠముగ సోదరుల పక్షమున చెప్పిరి: కాంగ్రెసు తన శాసనాధికారమును హద్దు చెప్పక పరులకు ధారపోయరాదు. సూత్రమున్నచోట వ్యాఖ్యానము శోభించును. వ్యాఖ్యాతయే సూత్రకారుడైనచో చదువరి యెవరిని నమ్మవలెను?

తరువాత కోర్టు మెత్తబడెను. ఔషధముల పాళ్లు, విమానముల మరలు శాసనసభ్యులు నిర్ణయింపగలరా? అందుచేత శాఖలు తప్పవు. 1946 శాసనము, శాఖలు నిబంధనను ముందుగ ప్రకటించి జనుల మాట వినవలెననియు, హద్దు మీరినచో కోర్టు కొట్టివేయవచ్చుననియు విధించెను. 1984లో సుప్రీం కోర్టు, శాసనవాక్యము అస్పష్టమైనచోట శాఖ చెప్పు యుక్తమైన అర్థమును మన్నింపుడనెను.

నలువదేండ్లకు హెర్రింగు చేపలు పట్టు పడవలవారు, తమ పడవ నెక్కు పర్యవేక్షకుని జీతము తామేల ఇయ్యవలెనని పోరిరి. 2024 జూన్ 28న కోర్టు 1984 నాటి పద్ధతిని త్రోసివేసి, శాసనమునకు అర్థము చెప్పుట న్యాయమూర్తుల పనియే యనెను. నిపుణులు గల శాఖలకే యిట్టి సంగతులు బాగుగ తెలియునని ముగ్గురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయము తెలిపిరి.