రామదాసు ఊరి నుంచి రాముడి ఊరికి: ఈ దారి ఎవరి కోసం పడింది?

ఇది కొంచెం పొడుగు పోస్టు. పొలానికి నీళ్ళు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

శ్రీరామనవమి దగ్గరపడితే మా నేలకొండపల్లిలో ఒకటే చర్చ. భద్రాచలం ఎట్లా పోదాం? ఆడవాళ్ళేమో ఆర్టీసీ బస్సు అంటరు, 2023 డిసెంబర్ నుంచి వాళ్ళకు టికెట్ లేదు గదా. కుర్రోళ్ళు కారు మాట్లాడదాం అంటరు. ఒకరిద్దరు రైలు అంటరు. ఇంకొకరెవరో పాపికొండలు కూడా చూసొద్దాం, బోటెక్కుదాం అంటరు. ఈ నాలుగు మాటల వెనక మూడొందల యాభై ఏండ్ల చరిత్ర ఉంది. ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అనేది తెలుసుకుంటే మనకు ముందు ముందు పనికొచ్చే సంగతి ఒకటి బయటపడ్తది.

మా ఊరు కంచర్ల గోపన్న పుట్టిన ఊరని అందరికీ తెలుసు. గోల్కొండ తానీషా కొలువులో ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పోయి, భద్రాచలంలో గుడి కట్టించి, ఖజానా సొమ్ము వాడినందుకు గోల్కొండలో పన్నెండేండ్లు జైల్లో ఉన్నాడని కథ. ఆ కథలో దారి గురించి ఎవరూ మాట్లాడరు. ఇక్కడి నుంచి ఖమ్మం ఇరవై చిల్లర కిలోమీటర్లు. ఖమ్మం నుంచి భద్రాచలం ఇంకో నూట ఇరవై దాకా. ఎడ్లబండి గంటకు మూడు, నాలుగు కిలోమీటర్ల కంటే నడవదు. మధ్యాహ్నం ఎడ్లను విప్పాలి, మేపాలి, నీళ్ళు పెట్టాలి. రోజుకు పాతిక కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే పోను ఆరు రోజులు, రాను ఆరు రోజులు. గుర్రమున్నోళ్ళకు, పల్లకీ ఉన్నోళ్ళకు వేరే లెక్క. మామూలు జనానికి కాళ్ళే బండి.

నవమి చైత్రంలో రావడం కూడా మనలాంటోళ్ళకు కలిసొచ్చింది. అప్పటికి కోతలై, కళ్ళాలు అయిపోయి ఎడ్లు ఖాళీగా ఉంటయి. వాగులు ఎండుతయి, బండి దిగబడదు. గోదావరిలో ఇసుక తేలి, నీళ్ళు ఒక పాయకు తగ్గుతయి. అడవి ఆకు రాల్చి దూరం దాకా కనపడుద్ది. ఇప్పపూలు రాలే కాలం. అదే శ్రావణంలో అయితే కిన్నెరసాని ఒక్కటి చాలు, పాల్వంచ దాటకుండా ఆపేయడానికి. రేవులో పడవ ఉన్నా గోదావరి మీదికి ఎవరూ తోలరు. అప్పట్లో దారిని మనిషి ఎంచుకోలేదు, కాలం ఎంచి పెట్టేది.

ఇక పడవ సంగతి. దీన్ని మనోళ్ళు సినిమాల్లో చూసినంతగా కళ్ళతో చూళ్ళేదు. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’, 2006లో వచ్చిన ‘గోదావరి’, రెండింటిలోనూ కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం లాంచీ ప్రయాణమే. నిజంగానే కోస్తా జనానికి భద్రాచలం దారి అదే. కానీ ఈ నదిని రహదారి చేద్దామని పెద్ద ఎత్తున డబ్బు పోసినోళ్ళు భక్తుల కోసం పొయ్యలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరకు రైలు కంటే పడవే చవక అని గట్టి నమ్మకం. మధ్య భారతంలో పండే పత్తిని గోదావరి మీద దింపి కాకినాడ ఓడరేవుకు చేర్చాలని ఆలోచన. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైంది. అప్పుడు ఈ పథకానికి ఇంకా గిరాకీ పెరిగింది.

చిక్కేమిటంటే నదిలో రాళ్ళ అడ్డాలు మూడు చోట్ల ఉన్నయి. మొదటిది భద్రాచలానికి పైన పాతిక కిలోమీటర్ల దూరంలో దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టి, పక్కన కాలవ తవ్వి, పడవలు ఎక్కి దిగేటందుకు లాకులు పెట్టారు. మన్యం జ్వరాలు కూలోళ్ళను పట్టి పీడించినయి. ఏండ్లు గడిచినయి, ఖర్చు పెరిగింది. ఈలోపు 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కు రైలు వచ్చేసింది. పత్తి పడమటికి రైలెక్కి పోయింది. 1871లో ఈ పడవ దారి పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది. పర్ణశాలకు పోయేటప్పుడు దాన్ని ఒకసారి ఆగి చూడండి. దాని వెనక ఉన్నది పత్తి మూట.

ఆ పత్తి మూట ఇంకో పని కూడా చేసింది. నదిని చేతిలో పెట్టుకోవాలని ఇంగ్లీషోళ్ళు 1860 ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు భూముల్ని నిజాం దగ్గర తీసుకున్నారు. భద్రాచలం ఆ గట్టున ఉంది. గుడి కట్టించినప్పుడు రెండు గట్లూ గోల్కొండ రాజ్యమే. 1860 తర్వాత ఈ గట్టు నిజాం రాజ్యం, ఆ గట్టు ఇంగ్లీషోళ్ళది. 1874లో భద్రాచలాన్ని మద్రాసు కింద ఉన్న గోదావరి జిల్లాలో కలిపారు. మా ఊరి మనిషి రాముడి దగ్గరికి పోవాలంటే నది ఒక్కటే కాదు, సర్కారు హద్దు కూడా దాటాలి. ఆఖరికి 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి మన ఖమ్మం జిల్లాలో కలిపేదాకా తొంభై తొమ్మిదేండ్లు గుడి ఒక పాలనలో, గుడి కట్టించినాయన ఊరు ఇంకో పాలనలో ఉన్నయి.

రైలు కథ ఇంకా వింతగా ఉంటది. ఇల్లెందు ప్రాంతంలో భద్రాచలం యాత్రకు పోయే జనం రాత్రి మజిలీ చేసి, నల్లరాళ్ళతో పొయ్యి పెడితే ఆ రాళ్ళే అంటుకున్నాయని సింగరేణి చరిత్రలో చెప్పుకుంటరు. అది ఎంతవరకు నిజమైనా, 1871లో డాక్టర్ కింగ్ అనే సర్వే దొర అక్కడ బొగ్గు ఉందని తేల్చిన మాట నిజం. 1889 నాటికి తవ్వకం మొదలైంది. అదే ఏడు సికింద్రాబాద్ వైపు నుంచి బెజవాడకు ఖమ్మం మీదుగా రైలు పట్టాలు కలిసినయి. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా బొగ్గు గనులకు కొమ్మ లైను వేశారు. ఆ తర్వాత కొత్తగూడెం దాకా జరిపారు. అక్కడి స్టేషన్‌కు పెట్టిన పేరు భద్రాచలం రోడ్.

ఈ పేరు చూసి మోసపోయిన యాత్రికులు ఎంతమందో. రైల్వేవాళ్ళ భాషలో ఊరి పేరు చివర ‘రోడ్’ అని ఉంటే, ఆ ఊరు ఇక్కడ లేదు, దిగి రోడ్డు పట్టుకుని పో అని అర్థం. అక్కడి నుంచి భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు. లైను ఇక్కడ ఎందుకు ఆగింది అంటే బొగ్గు ఇక్కడ ఉంది కాబట్టి. తర్వాత మళ్ళీ పొడిగించినప్పుడు మణుగూరు పోయింది, ఎందుకంటే అక్కడా బొగ్గే. 2022లో ఇదే భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల కొత్త లైను వేశారు, అదీ బొగ్గుకే. యాత్రికులు వేసిన పొయ్యి వల్ల బొగ్గు దొరికిందన్నది నిజమే అయితే, ఆ బొగ్గు వల్ల రైలు వచ్చి, ఆ రైలు యాత్రికులను నలభై కిలోమీటర్ల ఇవతలే దింపిందన్నమాట.

బస్సు మాత్రం మనిషి కోసం వచ్చిన బండి. 1932లో నిజాం రైల్వేవాళ్ళే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. అయినా గోదావరి దగ్గరికి వచ్చేసరికి బస్సు ఆగాల్సిందే. దిగి, మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని, రేవులో పడవెక్కి అవతల గట్టున దిగాలి. 1959లో భద్రాచలం మన జిల్లాలో కలిసిందని ఇందాక చెప్పిన గదా. అట్లా కలిసినాక జిల్లా కచేరీ ఈ గట్టున, మన్యం జనం ఆ గట్టున. భూమి కాగితం కోసం, కోర్టు వాయిదా కోసం పడవెక్కి రావాలంటే వానాకాలం అంతా పని ఆగినట్టే. వంతెన లేకుంటే ఆ కలపడానికి అర్థం లేదు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చేతుల మీదుగా వంతెన మొదలైంది. మూడొందల ఏండ్లలో ఈ దారికి జరిగిన అన్నిటికంటే పెద్ద మేలు నా లెక్కలో అదే. గర్భిణి ఆసుపత్రికి రావడం, చర్ల, వెంకటాపురం వైపు రైతు మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు తేవడం, పిల్లలు కాలేజీకి రావడం, అన్నీ దాని మీదనే.

ఆ వంతెనకూ కాలం పరీక్ష పెట్టింది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మళ్ళీ రామదాసు కాలం లాగానే, నది ఒప్పుకుంటేనే దారి. 2024లో పక్కన రెండో వంతెన మీద బండ్లు వదిలారు. పాతది ఒక్కటే మోసిన బరువు ఇప్పుడు ఇద్దరు పంచుకుంటున్నరు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఏది ఎక్కాలి?

రైలంటే మా ఊరోళ్ళకు తిప్పలే. ఖమ్మం పోయి, అక్కడి నుంచి ఉత్తరానికి డోర్నకల్ దాకా పోయి, మళ్ళీ తూర్పుకు తిరిగి కొత్తగూడెంలో దిగి, బస్సెక్కాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు రాత్రి రైలు బాగుంటది, పడుకుని రావొచ్చు. మనకు చుట్టుదారి.

బోటు సంగతి చూస్తే, అది ఇప్పుడు ప్రయాణం కాదు, చూసొచ్చే షికారు. ముందు భద్రాచలం చేరి, అక్కడి నుంచి మళ్ళీ కూనవరం మీదుగా పోచవరం రేవుకు పోయి ఎక్కాలి. ఆ ఊళ్ళు 2014లో పోలవరం ముంపు కింద ఆంధ్రాలో కలిసినయి. ఆ కొండల మధ్య నది సన్నగా, లోతుగా, సుడులతో ఉంటది. అందం ఎక్కడుందో భయం కూడా అక్కడే ఉంది. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద బోటు మునిగితే నలభై మందికి పైగా పోయారు. వరద నీళ్ళ మీద బయలుదేరిన బోటు అది. పోవాలనుకుంటే వరద తగ్గినాక, చలికాలంలో పోండి. ఎక్కేటప్పుడే లైఫ్ జాకెట్ అడిగి ఒంటికి కట్టుకోండి. తల కింద దిండుగా పెట్టుకోవడానికి కాదు అది ఇచ్చేది.

మిగిలింది బస్సు, సొంత బండి. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, పాల్వంచ దాటితే అడవి మొదలైద్ది. ఆ గంట ప్రయాణం కిటికీ పక్కన కూర్చుని చూడాలి. కారు నడిపేటోడికి ఆ అదృష్టం లేదు, వాడి కళ్ళు బొగ్గు లారీల మీద ఉండాలి. కాబట్టి ముసలోళ్ళు, ఆడవాళ్ళు ఉన్న ఇంటికి నా ఓటు బస్సుకే. నవమి రోజు రద్దీలో నిలబడలేనోళ్ళు నాలుగు రోజులు ఆగి పోండి, రాముడు ఎక్కడికీ పోడు. అసలే పోలేనోళ్ళకు తలంబ్రాలే ఇప్పుడు ఆర్టీసీ కార్గోలో ఇంటికి వస్తున్నయి.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఇంకో దారి రాబోతోంది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒడిశాలోని మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల రైలు లైనుకు ఒప్పుకుంది. అంటే గోదావరి దాటి రాముడి ఊళ్ళోకే రైలు వస్తదన్నమాట. సంతోషం. కానీ ఇప్పటిదాకా చూసినం గదా: పడవ దారి పత్తి కోసం, రైలు బొగ్గు కోసం. ఈ లైను మీద కూడా ముందు పోయేది ఎవరిదో పెద్ద సరుకే. భూమి ఇచ్చేది మాత్రం ఆ దారి పొడుగునా ఉన్న గిరిజన రైతులు, చిన్న రైతులు.

అందుకని పట్టాలు పడకముందే అడగాల్సినవి అడగాలి. భద్రాచలం స్టేషన్‌లో మిర్చి, పత్తి, వెదురు, ఇప్పపువ్వు ఎక్కించుకునే గూడ్స్ షెడ్డు ఉంటదా? పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే పాసింజర్ ఉంటదా, లేక రాత్రి ఒక్క ఎక్స్‌ప్రెస్సేనా? పోయిన భూమికి భూమి ఇస్తరా, చెక్కు ఇస్తరా? పట్టాలు పడినాక అడిగితే లైను కదలదు. నలభై కిలోమీటర్ల ఇవతల ఆగిపోయిన ‘భద్రాచలం రోడ్’ బోర్డు చూస్తే ఆ సంగతి అర్థమైద్ది.

మీ ఇంట్లో డెబ్బై, ఎనభై దాటిన పెద్దోళ్ళుంటే, వంతెన కట్టకముందు గోదావరి ఎట్లా దాటారో, పడవకు ఎంత ఇచ్చారో అడిగి రాయండి. వాళ్ళు పోతే ఆ లెక్క చెప్పేటోళ్ళు ఉండరు.

జై కిసాన్.