చదివింపు లేని కానుక: ముఖపరిచయం లేని స్నేహంలో తపాలా పార్శిల్

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని మా ఇంట పాత ట్రంకుపెట్టెలో భూమి కాగితాలతో పాటు ఒక పొడవాటి నోటుపుస్తకం ఉంది. పెండ్లిండ్లలో వచ్చిన కట్నాల పద్దు అది. ఇచ్చినవారి పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం లేదా వస్తువు: మూడే గడులు. పందిట్లో ఒకరు రాస్తుంటే మరొకరు అందరికీ వినబడేలా చదువుతారు. ‘చదివింపు’ అన్న మాట ఆ చదవడం నుండి వచ్చిందే. ఇచ్చినవారి ఇంట శుభకార్యం జరిగేనాడు ఈ పుస్తకం తెరిచి, వారు పెట్టినదానికి తగ్గకుండా పెడతారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు విధులుగా కానుకను 1925 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ వివరించాడు. మా ప్రాంతంలో మూడవ విధికి లిఖిత సాక్ష్యం కూడా ఉంటుందన్నమాట.

ఈ పద్దుకు ఎక్కని కానుక ఒకటుంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని స్నేహితులు, అక్షరాల ద్వారా మాత్రమే పరిచయమైనవారు, ఎదుటివారి అభిరుచిని తలచుకొని ఏర్చి కూర్చి తపాలాలో పంపుకొనే పార్శిల్. అంతర్జాల స్నేహాలలో ఇది ఇప్పుడు సాధారణమైంది. దీనిని నేటి వింతగా కాక, మన లేఖాసాహిత్య చరిత్రకు చెందిన విషయంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మొదట పదజాలాన్ని గమనించాలి. సారె ఆడపిల్లకు, ఒడిబియ్యం పుట్టింటివారు పోసేవి, కానుక దేవునికో ప్రభువుకో సమర్పించేది, ఈనాము పైవాడు కిందివానికి దయచేసేది. ప్రతి మాటా ఒక చుట్టరికాన్నో అంతరువునో వెంటబెట్టుకొని వస్తుంది. బంధువులు కాని సమానుల మధ్య ఇచ్చిపుచ్చుకోలుకు ప్రత్యేకమైన మాట వాడుకలో స్థిరపడలేదు. స్నేహితుని కానుక అనగానే గుర్తొచ్చే కుచేలుని అటుకులను కూడా ఆయన సిగ్గుపడి దాచుకొన్నాడు. కృష్ణుడే చొరవ చేసి తీసుకొన్నాడు. అయినా వారిద్దరూ ఒక గురువు దగ్గర చదువుకొన్నవారు, ముఖపరిచయం ఉన్నవారు. పరిచయం లేనివారి మధ్య వస్తువు ప్రయాణించాలంటే తపాలా రావలసి వచ్చింది.

హైదరాబాదు రాజ్యంలో నిజాం ప్రభుత్వ తపాలా బిళ్లలు 1869లో వెలువడ్డాయి. 1871 నాటి బిళ్లలపై ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగూ ఉంది. పాఠశాలలోనూ కచేరీలోనూ తెలుగుకు తగిన చోటు దక్కని రాజ్యంలో అర్ధణా బిళ్ల మీద దానికి చోటు దొరకడం చిత్రమే. బ్రిటిషు ఇండియాలో 1877లో వి.పి.పి. పద్ధతి ప్రవేశించాక పుస్తకం అంగడి లేని ఊరికి కూడా చేరగలిగింది. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వంటి సంస్థలకు చందాదారులే ఆధారం. వారికి పుస్తకాలు చేర్చడానికి తపాలాయే దారి. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం, సూర్యాపేటలో ఆంధ్ర విజ్ఞాన ప్రకాశినీ గ్రంథనిలయం వెలసినప్పుడు వాటి అరల వెనుక ఈ తపాలా వ్యవస్థ ఉంది.

అయితే చందాకు వచ్చే పుస్తకం కొన్నది, కానుక కాదు. వెల చెల్లించని రాకపోకలకు గోలకొండ కవుల సంచిక మంచి ఉదాహరణ. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ప్రకటించిన ఆ గ్రంథంలో 354 మంది కవులున్నారు. మారుమూల పల్లెల వారు సంపాదకుని ఎరగకపోయినా తమ పద్యాన్నీ పరిచయాన్నీ ఆయనకు అందజేశారు. దానిని సాహిత్య సేకరణగానే చూస్తూ వచ్చాం. ముఖపరిచయం లేనివారిని నమ్మి తమ వద్ద ఉన్న మేలైనదాన్ని అప్పగించడంగా కూడా దాన్ని చదవవచ్చునని నా అభిప్రాయం.

లేఖల విషయంలో మన పరిశోధన కొంత మేలు. చలం చింతా దీక్షితులుకు రాసిన ఉత్తరాలు అచ్చయ్యాయి. తుమ్మపూడిలో కూర్చొని సంజీవదేవ్ దేశవిదేశాలతో నెరపిన ఉత్తరప్రత్యుత్తరాలు చదువరులకు తెలిసినవే. ఉత్తరం నిలిచింది, కాని ఆ రోజుల్లో ఉత్తరాలతో పాటు నడిచిన పొట్లాలు నిలవలేదు. పుస్తకం అట్ట లోపల ‘ప్రేమతో’ అన్న రెండు పంక్తులు మిగిలితే మిగిలాయి. గ్రంథాలయాలు ఆ పుటపైనే ముద్ర కొట్టి, ప్రవేశసంఖ్య వేసి, ఇచ్చినవారి చేవ్రాతను కప్పివేయడం నేను పలుమార్లు చూశాను. పాత పుస్తకాల సూచీలలో దాతృలేఖనానికి ఒక గడి ఉండాలి.

2005లో పోర్చుగల్‌లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్ అపరిచితుల మధ్య పోస్టుకార్డుల మార్పిడిని ప్రపంచమంతటా నడుపుతోంది. అక్కడ మీరు కార్డు పంపినవారు కాక మరెవరో మీకు పంపుతారు. మోస్ చెప్పిన తిరిగి ఇచ్చే విధి చేతులు మారుతుంది. నేను సభ్యుడిగా ఉన్న చిన్న తెలుగు చదువరుల బృందంలో పద్ధతి వేరు. ఏడాదికొకసారి చీటీలు తీసి, వచ్చిన పేరుగలవారికి పార్శిల్ పంపాలి. వెలకు పరిమితి ఉంది, ఆలోచనకు లేదు. పలాస జీడిపప్పు అడుగున ఎవరో ఏళ్లుగా వెదకుతున్న పాత పత్రిక సంచిక ఉంటుంది. మా ఇంటి నుండి సంక్రాంతి సకినాలు వెళ్లాయి; చేరేసరికి సగం పొడి అయ్యాయట, ఆ పొడిని కూడా తిన్నామని జవాబు వచ్చింది.

ఈ స్నేహాన్ని చట్టం ఎలా చూస్తుందన్నది వేరే ప్రశ్న. విదేశాల నుండి తపాలాలోనో కొరియర్‌లోనో బహుమతిగా వచ్చే వస్తువుకు ఉన్న సుంకం మినహాయింపును 2019 డిసెంబరులో భారత ప్రభుత్వం ఎత్తివేసింది. ప్రాణరక్షక ఔషధాలకూ రాఖీకీ మాత్రమే మినహాయింపు మిగిలింది. మిగతావాటికి పూర్తి సుంకం చెల్లించాలి. దుర్వినియోగాన్ని అరికట్టడం ఉద్దేశం కావచ్చు, దాన్ని తప్పుపట్టలేం. కాని ఫలితం గమనార్హం: అన్నాచెల్లెళ్ల దారానికి చోటుంది, స్నేహితుని పుస్తకానికి లేదు. మా కట్నాల పద్దులాగే రాజ్యం కూడా చుట్టరికాన్నే చదవగలిగింది. 2024 డిసెంబరు 18 నుండి రిజిస్టర్డ్ బుక్ పోస్టు సేవ కూడా లేకుండా పోయింది. రాయితీ ధరకు పుస్తకాలు పంపే చిన్న ప్రచురణకర్తల కష్టం గురించి అప్పట్లో చర్చ జరిగింది గాని, పుస్తకాన్ని కానుకగా పంపుకొనేవారి మాట అంతగా వినబడలేదు.

పోయిన ఏడు నాకు వచ్చిన పార్శిల్‌లో ఒక నిఘంటువు, వేప పుల్లతో చేసిన పుస్తకపు గురుతు, ఒక చీటీ ఉన్నాయి. పరిశోధనలో నేను ఎక్కడ ఆగిపోయానో గుర్తుపెట్టుకొని ఆ నిఘంటువును వెదికి పంపారు. మా అమ్మ దాన్ని చూసి కట్నాల పుస్తకం తెచ్చింది. మళ్లీ పెట్టాలి గదా అని. “ఎవరు పంపిన్రు? మనకేమైతరు?” అని అడిగింది. పేరు చెప్పగలిగాను. ఊరు పార్శిల్ మీద ఉంది. మూడవ గడిలో ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. చివరకు ఆ చీటీనే రెండు పుటల నడుమ పెట్టి పుస్తకం మూసింది.