పింగళుని ప్రత్యయాలు: వృత్తసంఖ్యల గణితమూలాలు

ప్రాచీన భారతీయ విజ్ఞానచరిత్రలో జ్యోతిషానికి, ఆయుర్వేదానికి, శుల్బసూత్రాల రేఖాగణితానికి దక్కిన స్థానం ఛందశ్శాస్త్రానికి దక్కలేదు. అది సాహిత్యానికి చెందినదని విజ్ఞానచరిత్రకారులు భావించడం ఇందుకు ఒక కారణం. మరోవైపు సాహిత్య విద్యార్థులు గణ, యతి, ప్రాసల వద్ద ఆగి, ప్రత్యయాలను గణితమని విడిచిపెడుతున్నారు. తెలుగు ఛందోగ్రంథాలలో ఉత్పలమాల లక్షణంతోపాటు అది కృతిచ్ఛందంలో 355799వ వృత్తమని ఉంటుంది. ఈ సంఖ్య ఎలా వచ్చింది, దాని ప్రయోజనమేమిటి అన్న ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

ప్రస్తారం, సంఖ్య

పింగళుడు సాధారణంగా క్రీ.పూ. 3-2 శతాబ్దాలకు చెందినవాడని భావిస్తారు. ఆయన ఛందస్సూత్రాల ఎనిమిదవ అధ్యాయంలో ప్రత్యయాల మూలాలున్నాయి. పాదంలోని ప్రతి అక్షరం గురువో లఘువో కావాలి. కాబట్టి నిర్ణీత అక్షరాల పాదానికి ఎన్ని రూపాలు సాధ్యమో అన్నింటినీ ఒక క్రమంలో రాయవచ్చు. అదే ప్రస్తారం. సర్వగురువుతో మొదలై సర్వలఘువుతో ముగుస్తుంది. మూడక్షరాల ప్రస్తారంలో వరుసగా మ, య, ర, స, త, జ, భ, న గణాలు వస్తాయి. గణాలను ఈ వరుసలో చెప్పే సంప్రదాయానికి ఆధారం ఈ ప్రస్తారక్రమమే.

ఇరవై అక్షరాల పాదానికి మొత్తం రూపాలెన్ని? రెండును ఇరవైసార్లు వేసి గుణించనక్కరలేకుండా పింగళుడు ఒక ఉపాయం చెప్పాడు. సంఖ్య సరి అయితే సగం చేయాలి. బేసి అయితే ఒకటి తీసివేయాలి. 20 నుంచి 10, 5, 4, 2, 1, 0 వస్తాయి. తరువాత 1తో మొదలుపెట్టి వెనుకకు రావాలి. ఒకటి తీసిన చోట రెట్టింపు, సగం చేసిన చోట వర్గం చేస్తే 2, 4, 16, 32, 1024, 1048576 వస్తాయి. ఆరు మెట్లలో లెక్క ముగిసింది. బేసి మెట్టుకు గుర్తుగా పింగళుడు 'శూన్య' శబ్దాన్ని వాడాడు. ఇది ఇక్కడ మెట్టును గుర్తించే సంకేతం మాత్రమే. స్థానవిలువ పద్ధతిలోని సున్నాతో దీనిని సమానం చేయడం తొందరపాటు.

నష్టం, ఉద్దిష్టం

వరుససంఖ్య తెలిసి రూపం తెలియనప్పుడు రూపాన్ని రాబట్టేది నష్టం. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 355799 బేసి, కనుక గురువు; సగం 177900. అది సరి, లఘువు. 88950 కూడా సరి, లఘువు. భగణం వచ్చింది. మిగిలిన 44475తో కొనసాగిస్తే రగణం, నగణం, ఇలా భ-ర-న-భ-భ-ర-వ పూర్తవుతుంది. అంటే ఈ సంఖ్యలో ఉత్పలమాల లక్షణమంతా ఇమిడి ఉంది.

రూపం నుంచి సంఖ్యను రాబట్టేది ఉద్దిష్టం. తరువాతి లాక్షణికుల పద్ధతిలో అక్షరాలపై 1, 2, 4, 8 వంతున రెట్టింపు చేస్తూ రాసి, లఘువులపై ఉన్నవాటిని కూడి, ఒకటి కలపాలి. ఈ పద్ధతిని అనుసరిస్తే వృత్తాల బంధుత్వం కూడా కనిపిస్తుంది. ఉత్పలమాల తొలి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. అప్పుడు సంఖ్య రెట్టింపై, దానికి రెండు కలుస్తుంది: 711600. శార్దూలానికి 149337, మత్తేభానికి 298676. ఇక్కడా అదే సంబంధం. పద్యం చదివేటప్పుడు చెవికి తెలిసే సామ్యాన్ని ఈ సంఖ్యలు నిరూపిస్తున్నాయి.

మాత్రాఛందస్సులోనూ ఈ పరిశీలన వర్తిస్తుంది. నాలుగు మాత్రల గణాలు ఐదే సాధ్యం. చివర గురువున్నవి రెండు మాత్రల రూపాల నుంచి (గగ, స), చివర లఘువున్నవి మూడు మాత్రల రూపాల నుంచి (భ, జ, నల) ఏర్పడతాయి. కందపద్యంలోని ఐదు గణాలూ ఇవే. ముందరి రెండు సంఖ్యల మొత్తమే తరువాతి సంఖ్య అనే ఈ నియమాన్ని విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు వివరించారు. ఫిబొనాచ్చి గ్రంథం 1202 నాటిది.

ముగింపు

పింగళుడు కంప్యూటర్‌ను ఊహించాడనడం అతిశయోక్తి. ఆయన సమస్య ఛందస్సుది, సాధన గణితానిది. ఆ గౌరవం చాలు. సాధ్యమైన రూపాలెన్నో గణితం చెబుతుంది. పది లక్షలకు మించిన కృతిచ్ఛందపు రూపాలలో మన కవులు ఉత్పలమాలనూ మత్తేభాన్నీ విశేషంగా ఎందుకు ఆదరించారో మాత్రం లయ, భాషాస్వభావాలను పరిశీలించి చెప్పవలసిందే.

పరిష్కరణలో వృత్తసంఖ్యకు ప్రత్యక్ష ప్రయోజనం ఉంది. లక్షణపద్యంలో గణాల పాఠం ప్రతికొక విధంగా ఉన్నప్పుడు, సంఖ్య నిలిచి ఉంటే సరైన పాఠాన్ని దానితో నిర్ణయించవచ్చు. సంఖ్య చెడితే గణాలతో సరిచేయవచ్చు. కనుక ప్రత్యయాలను అనుబంధంగా వదిలేయక, గణపాఠంతోపాటే బోధించడం అవసరం.