పాత షాక్ అబ్జార్బర్లు.. కొలిచి కొంటేనే మేలు

గతుకుల రహదారులపై నిత్యం తిరిగే ద్విచక్ర వాహనాల్లో ముందుగా దెబ్బతినే భాగాల్లో వెనుక షాక్ అబ్జార్బర్లు ఒకటి. పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు, కూరగాయల గంపలు మోసే బండ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. 40 లీటర్ల క్యాన్ నిండితే పాల బరువే దాదాపు 41 కిలోలు ఉంటుంది. ఇరువైపులా రెండు క్యాన్లు వేలాడదీస్తే వెనుక మరో మనిషి కూర్చున్నట్లే. షాక్‌లు పట్టు కోల్పోయిన బండిపై ఏడాదంతా తిరిగేవారికి నడుమునొప్పి తప్పదు. మలుపుల్లో బండి ఊగి అదుపు తప్పే ప్రమాదమూ ఉంది.

కొత్త జత ఖర్చుకు వెనుకాడి చాలామంది విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుప్పేట వంటి చోట్లా, దగ్గరి పట్టణాల్లోని పాత సామాన్ల దుకాణాల్లోనూ వాడిన షాక్‌ల కోసం వెతుకుతుంటారు. సరైన జత దొరికితే సామాన్య పరికరాలతో ఇంటి వద్దే బిగించుకోవచ్చు. అయితే కంటికి నచ్చిన దానిని కాక, కొలతకు సరిపోయిన దానినే కొనాలి.

స్ప్రింగు పని వేరు.. నూనె పని వేరు

షాక్ అబ్జార్బర్‌లో రెండు భాగాలు ఉంటాయి. బరువు మోసేది పైన కనిపించే స్ప్రింగు. గతుకులో అణగిన స్ప్రింగు పదేపదే ఎగిరిపడకుండా ఆపేది లోపలి గొట్టంలోని నూనె. సన్నని రంధ్రాల గుండా నూనె ప్రవహించేటప్పుడు పుట్టే నిరోధమే బండికి నిలకడ ఇస్తుంది. సీలు చెడి నూనె కారిపోతే స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు బండి ఒక గతుకుకు నాలుగుసార్లు ఎగురుతుంది.

గతుకుల దారిలో ఎడతెగకుండా పనిచేస్తే నూనెలో గాలి కలిసి నురగ కడుతుంది. దాంతో నిరోధం తగ్గుతుంది. నత్రజని వాయువు నింపిన షాక్‌లలో ఆ పీడనం వల్ల నురగ తక్కువగా ఉంటుంది. బజాజ్ సంస్థ పల్సర్‌లో నైట్రాక్స్ పేరుతో వాడినవి ఈ తరహావే. పాత బజారులో వీటికి గిరాకీ ఉండటానికి కారణం ఇదే.

లోపం షాక్‌దేనా?

డబ్బు ఖర్చు చేసేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. బండిని డబుల్ స్టాండుపై నిలిపి వెనుక చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని అటూఇటూ ఊపి చూడండి. ఆట కనిపిస్తే చక్రం బేరింగులో గానీ, స్వింగ్ ఆర్మ్ బుష్‌లలో గానీ అరుగుదల ఉన్నట్లు. ఆ లోపాన్ని అలాగే ఉంచి షాక్‌లు మార్చినా ఊపు తగ్గదు. టైరులో గాలి సరిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. తరువాత బండిని స్టాండు దించి వెనుక సీటును బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే షాక్ బాగున్నట్లే. రెండు మూడుసార్లు ఊగితే దాని పని అయిపోయినట్లు.

కొలతే ప్రధానం

మన పల్లెల్లో విరివిగా కనిపించే స్ప్లెండర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1994లో మార్కెట్లోకి వచ్చిన ఈ బండి బరువు నేడు సుమారు 112 కిలోలు. పల్సర్ 150 బరువు సుమారు 145 కిలోలు. బరువైన బండికి తయారుచేసిన స్ప్రింగు తేలికైన బండికి అమరిస్తే, ఒంటరిగా వెళ్లే వ్యక్తికి అది గట్టిగా తగిలి చిన్న గతుకు కూడా నడుముకు చేరుతుంది. అందువల్ల అదే మోడల్ షాక్‌లు దొరికితే అంతకన్నా మేలైనది లేదు.

వేరే మోడల్‌వి తీసుకోదలిస్తే నాలుగు కొలతలు చూడాలి. పై రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్య వరకు పొడవు, రంధ్రాల వ్యాసం, బుష్ వెడల్పు, కింది కొస ఆకారం. కొన్నింటికి కింది కొస రింగులా, మరికొన్నింటికి చీలిన పంగలా ఉంటుంది. పొడవు ఎక్కువైతే బండి వెనుక భాగం లేచి, డబుల్ స్టాండు వేసినా చక్రం నేలను తాకుతుంది. సైడ్ స్టాండుపై బండి మరీ వాలిపోతుంది. హ్యాండిల్ తేలికగా తిరిగి నిలకడ తగ్గుతుంది. పొట్టిదైతే బరువు పడినప్పుడు టైరు మడ్‌గార్డును రాసుకుంటుంది.

దుకాణంలో పరీక్ష ఇలా..

వాడిన షాక్ పడుకోబెట్టి ఉంటే నూనె, గాలి చోటు మారి నిర్జీవంగా అనిపించవచ్చు. అందుకే నిటారుగా నిలిపి ఐదారుసార్లు నొక్కిన తరువాతే పరీక్షించాలి. ఒంటి బరువు మోపి నొక్కి వదిలితే మెల్లగా, ఒకే తీరుగా పైకి రావాలి. టక్కున ఎగిరినా, మధ్యలో ఖాళీగా జారినా, బుస్సుమన్నా వద్దనాలి. రాడ్డును గుడ్డతో తుడిచి చూడాలి. తుప్పు మచ్చలు, గీతలు ఉంటే అవి సీలును కోసేస్తాయి. నూనె తడి ఉంటే అసలే తీసుకోరాదు. కొసల వద్ద వెల్డింగ్ చేసిన గుర్తులుంటే ఎంత చవకైనా వదిలేయాలి. కొత్త రంగు పూసి ఉంటే దాని కింద ఏమున్నదో మరింత జాగ్రత్తగా చూడాలి.

ఎప్పుడూ జతగానే, ఒకే బండి నుంచి తీసినవే కొనాలి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది. దొంగ బండ్ల విడిభాగాలు కూడా బజారుకు చేరుతుంటాయి కనుక రసీదు తప్పక తీసుకోవాలి.

బిగించే పద్ధతి

1. బండిని చదును నేలపై డబుల్ స్టాండు వేసి, వెనుక చక్రం కింద చెక్కముక్క ఆన్చాలి. దీనివల్ల స్వింగ్ ఆర్మ్ కిందకు జారదు.

2. తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే కిరోసిన్ లేదా డీజిల్ పోసి నానబెట్టాలి. ఫ్రేముకు ఉన్న మరను సుత్తితో కొట్టరాదు. మర చెడితే ఖర్చు రెట్టింపవుతుంది.

3. ఒక వైపు షాక్ తీసి కొత్తగా తెచ్చినది అమర్చిన తరువాతే రెండో వైపు చేయి పెట్టాలి. వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే వేయాలి. చీర గార్డు, సైలెన్సర్ అడ్డు వస్తే వాటి బోల్టులు ముందుగా వదులు చేసుకోవాలి.

4. నట్లను మొదట చేతితో తిప్పి, స్పానరుతో కొద్దిగా బిగించాలి. బండిని దించి, కూర్చుని రెండుసార్లు నొక్కిన తరువాత పూర్తిగా బిగించాలి.

5. చైను బిగువు, బ్రేకు పెడల్, టైరుకు మడ్‌గార్డుకు మధ్య ఖాళీ చూసుకొని నెమ్మదిగా నడిపి చూడాలి. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లను మళ్లీ పరీక్షించాలి.

స్ప్రింగు విప్పే ప్రయత్నం ఇంటి వద్ద చేయరాదు. ఒత్తిడిలో ఉన్న స్ప్రింగు ఎగిరితే ముఖం పగులుతుంది. వాయువు నింపిన షాక్‌ను కోయడం, రంధ్రం చేయడం, వేడి చేయడం ప్రాణాంతకం.

సర్దుబాటు.. హద్దులు

స్ప్లెండర్ షాక్‌లకు 5 అంచెల సర్దుబాటు ఉంది. రెండు వైపులా ఒకే అంచె ఉండాలి. అంచె పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని పలువురు భావిస్తారు. నిజానికి అది బండి ఎత్తును మాత్రమే పెంచుతుంది. చక్రం గాలిలో ఉన్నప్పుడు, మనిషి కూర్చున్నప్పుడు ఇరుసు నుంచి సీటు అంచుకు గల దూరం కొలిచి తేడా చూడండి. చక్రం కదలిక మొత్తంలో ఆ తేడా నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉంటే సరిపోయినట్లు. ఎత్తు మారితే హెడ్‌లైటు వెలుగు కూడా మారుతుంది. రాత్రి ఒకసారి సరిచూసుకోవాలి.

గట్టి షాక్‌లు వేసినంత మాత్రాన బండి మోయగలిగే బరువు పెరగదు. టైరు, బ్రేకు, ఫ్రేము, ఇరుసు పాతవే. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. షాక్ కుంగకపోతే మరో బస్తా వేయవచ్చనే ఆలోచన వద్దు. అంత బరువుతో పల్లం దిగేటప్పుడు బండిని ఆపవలసింది షాక్ కాదు, బ్రేకు.