పాత కుట్టుమిషనుల మరమ్మతు, పునరుద్ధరణ

పాత ఇనుము కొనేవారు తూకానికి తీసుకుపోతున్న వస్తువులలో నల్లని పాత కుట్టుమిషను ఒకటి. చక్రం తిరగడం లేదనే ఒక్క కారణంతో దానిని అమ్మివేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఈ మిషనుల ప్రధాన భాగాలు పోత ఇనుము, ఉక్కులతో తయారైనవి. వాటిలో చాలావరకు చెడిపోయినవి కావు, ఎండిన నూనెతో బిగిసిపోయినవి మాత్రమే. రవికెలు కుట్టి ఇల్లు నడుపుకొనే స్త్రీకి ఈ తేడా తెలియడం ఎంతో అవసరం.

పూర్వచరిత్ర

మొనవద్ద రంధ్రం గల సూదితో, రెండు దారాలను ముడివేసి కుట్టే యంత్రానికి అమెరికాకు చెందిన ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందాడు. 1851లో ఐజాక్ సింగర్ తన యంత్రానికి పేటెంటు పొంది, దానిని ఇంటింటి వస్తువుగా మార్చాడు. యంత్రాలను విమర్శించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొన్నారు. కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ 1930ల దశకంలో ‘ఉషా’ మిషనుల తయారీ ప్రారంభించింది.

సరిహద్దు ప్రాంతాలలో ఈ యంత్రానికి పేర్లు అనేకం. కన్నడంలో హొలిగె యంత్ర, తమిళంలో తైయల్ మిషను, మరాఠీలో శిలాయి మశీన్, ఒడియాలో సిలేయి మెసిన్ అంటారు. విడిభాగాలకై పొరుగు రాష్ట్రపు పట్టణానికి వెళ్ళేవారికి ఈ పదాలు ఉపకరిస్తాయి.

మిషనును గుర్తించుట

సింగర్ మిషను అడుగు భాగాన సంఖ్య చెక్కబడి ఉంటుంది. 1900 తరువాతి వాటిలో సంఖ్యకు ముందు ఆంగ్ల అక్షరం ఉంటుంది. ‘ఎఫ్’, ‘వై’ వంటి అక్షరాలు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారానివి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది.

పేరుకన్న ముఖ్యమైనది బాబిను. గుండ్రని బాబినును ఎడమ చివరనుండి అమర్చే నమూనా సింగర్ 15వ తరగతిది. ఉషా మొదలైన మన దేశపు నల్లని మిషనులలో అధికభాగం దీనినే అనుసరించాయి. కనుక బాబిను, బాబిన్ కేసు, షటిల్, సూది నేటికీ సులభంగా లభిస్తాయి. పడవ ఆకారపు షటిల్, పొడవైన బాబిను ఉంటే అది సింగర్ 27, 28 వంటి ఇంకా పాత నమూనా. వీటికి కూడా నేటి సాధారణ గృహోపయోగ సూదియే సరిపోతుంది గాని, షటిల్ దొరకడం కష్టం. పాతదానిని పోగొట్టుకోరాదు.

బిగిసిన మిషనును విడిపించుట

మొదట సూదిని, దారాన్ని, బాబిన్ కేసును తీసివేయాలి. షటిల్ తిరిగే చోట చిక్కిన దారపు పోగులను చిమటాతో లాగివేయాలి. చక్రం కదలకపోవడానికి తరచుగా ఇదే కారణం. పళ్ళపట్టీ పైనున్న రేకును విప్పి, పళ్ళ మధ్య గట్టిపడిన దూదిని పాత పళ్ళకుంచెతో తొలగించాలి.

తరువాత నూనె రంధ్రాలన్నింటిలో, కదిలే ప్రతి కీలువద్ద కొద్దికొద్దిగా కిరోసిను వేసి ఒక రాత్రి ఉంచాలి. పొయ్యి, దీపం దగ్గర ఈ పని చేయరాదు. కిరోసిను దొరకనిచోట మిషను నూనెనే ధారాళంగా వేసి రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఆపై చక్రాన్ని చేతితో ముందుకూ వెనుకకూ మెల్లగా కదిలించాలి. సుత్తితో కొట్టరాదు, పోత ఇనుము వంగదు, పగులుతుంది. మిషను విడివడిన తరువాత కిరోసినును తుడిచి, ప్రతి రంధ్రంలో ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. కొబ్బరినూనె, వంటనూనె ఎన్నడూ వాడరాదు. అవి కాలక్రమేణ జిగురుగా మారి యంత్రాన్ని మళ్ళీ బిగిస్తాయి.

చక్రం తిరుగుతూ సూది కదలకపోతే చక్రం మధ్యనున్న పెద్ద మరను బిగించాలి. బాబిను చుట్టడానికి దానిని వదులుచేసి మరచిపోవడం సర్వసాధారణం. ఎంత బిగించినా పట్టకపోతే, మరను విప్పి లోపలి వాషరును సగం చుట్టు తిప్పి పెట్టాలి.

కుట్టులో దోషాలు

కుట్లు తప్పిపోతుంటే ముందుగా సూది మార్చాలి. సూదిలో పొడవైన గాడి దారం ప్రవేశించే వైపునకు, చదునైన వైపు షటిల్‌కు అభిముఖంగా ఉండాలి. సాధారణ నూలు బట్టకు 14, మందపు బట్టకు 16 లేదా 18, పలుచని పట్టుకు 11 సంఖ్య సూది తగినది.

బట్ట అడుగున దారం ఉండలు కడితే పైదారం వదులుగా ఉన్నదని అర్థం. పాదాన్ని పైకెత్తి, దారాన్ని టెన్షను బిళ్ళల మధ్యకు మళ్ళీ ఎక్కించాలి. బట్ట పైభాగాన ముడులు కనబడితే పైదారాన్ని కొంచెం వదులు చేయాలి. బాబిన్ కేసుపైనున్న చిన్న మరను చివరగా, పావు చుట్టు మాత్రమే కదిలించాలి.

దారం పదేపదే తెగితే షటిల్ మొనను గోటితో తడిమి చూడాలి. తుప్పుగుంటలు, గరుకుదనం ఉంటే 15వ తరగతి మిషనుకు కొత్త షటిల్ వేయడమే మేలు.

బెల్టు, రంగు, మోటారు

తొక్కుడు మిషను తోలు బెల్టు సాగి జారితే, కొద్దిగా కత్తిరించి తీగ కొక్కెంతో మళ్ళీ కలపవచ్చు. అతిగా బిగిస్తే తొక్కడం బరువవుతుంది. బంగారు రంగు పూలలతలు ఉన్నచోట స్పిరిటు, గరుకు కాగితం వాడరాదు. పై పూత కరిగి చిత్రం పోతుంది. మెత్తని గుడ్డకు మిషను నూనె అద్ది తుడవడమే తగినది. పాత మోటారు తీగల రబ్బరు పెళుసుబారి ఉంటే, తెలిసిన విద్యుత్ పనివానిచేత మార్పించిన తరువాతనే ప్లగ్గు పెట్టాలి.

ఎప్పుడు విడిచిపెట్టాలి?

మిషను చేయి లేదా అడుగు దిమ్మె పగిలి ఉంటే మరమ్మతు వ్యర్థం. అప్పుడు కూడా షటిల్, మరలు, పాదం, టెన్షను బిళ్ళలు విప్పి దాచుకోవాలి. మరొక మిషనుకు ప్రాణం పోయగలవు. పగులు లేని మిషను విషయంలో మాత్రం నూనె, సూది, ఓపిక అనే మూడింటిని ప్రయత్నించిన తరువాతనే తూకపు రాయి వైపు చూడవలసి ఉంటుంది.